క్యాట్స్ డోంట్ డాన్స్‌ని జనం కాదన్నారట! అసలు చూసిందెవరు?

క్యాట్స్ డోంట్ డాన్స్ అనే పాత యానిమేషన్ మ్యూజికల్ గురించి ఈ మధ్య ఒక వాదన తెగ షేర్ అవుతోంది. దాని సారాంశం ఇది. 1997లో వచ్చిన ఈ సినిమాని జనం చూశారు, నచ్చలేదు, పక్కన పడేశారు, కాబట్టి అది మరుగున పడాల్సిన సరుకే. డిస్నీ పులిని చూసి ఈ నక్క వాత పెట్టుకుంది. పాట ఒక్కటీ గుర్తుండదు. పాత హాలీవుడ్ జోకులు పిల్లలకి అర్థం కావు. డార్లా అనే ఆ పిల్లా, ఆమె సేవకుడూ పసివాళ్లని దడిపిస్తారు. ఇప్పుడు ఆహా ఓహో అంటున్నవాళ్లంతా చిన్నప్పుడు క్యాసెట్లలో చూసినవాళ్లు, వాళ్లది మురిపెం తప్ప తీర్పు కాదు.

ఇందులో ఒకటి రెండు మాటల్లో కొంత పస ఉంది, అదీ చెప్తాను. మిగతాది మాత్రం సినిమా చూడకుండా కలెక్షన్ల అంకె ఒక్కటి చూసి రాసినట్టుంది.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. కాలం 1939. ఇండియానా రాష్ట్రంలోని కొకోమో అనే ఊరి నుంచి డానీ అనే పిల్లి స్టార్ అయిపోదామని బస్సెక్కి హాలీవుడ్‌కి వస్తాడు. అక్కడ తెలిసేదేంటంటే హీరోలూ హీరోయిన్లూ మనుషులే, జంతువులకి దక్కేవి వెనక నిలబడే వేషాలు. అతనికి దొరికిన డైలాగు మొత్తం కలిపి ఒక్క 'మ్యావ్'. ఆ ఒక్క మ్యావ్‌ని కాస్త సాగదీసి పాడేసరికి స్టూడియోకి బంగారు బాతు లాంటి బాలతార డార్లా డింపుల్‌కి కోపం వస్తుంది, అక్కడి నుంచి గొడవ.

ఇప్పుడు మొదటి మాటకొద్దాం, "జనం చూసి తిరస్కరించారు" అన్నదానికి. ఈ సినిమాకి అయిన ఖర్చు సుమారు 3.2 కోట్ల డాలర్లు, అమెరికా థియేటర్లలో వచ్చింది దాదాపు 35 లక్షల డాలర్లు. అవును, ఘోరమైన ఫ్లాపే, అందులో వాదన లేదు. కానీ ఆ అంకెనే కాస్త తిప్పి చూడండి. ఆ ఏడాది అమెరికాలో సగటు టికెట్ నాలుగున్నర డాలర్ల పైచిలుకు. అంటే దేశం మొత్తం మీద తెగిన టికెట్లు ఎనిమిది లక్షల లోపే, అప్పటికి అక్కడి జనాభా ఇరవై ఆరు కోట్లు దాటింది. ముఖం కూడా చూడని మనిషిని 'నచ్చలేదు' అనడం ఎలా కుదురుతుంది? దీన్ని కాదన్నవాళ్లు లేరు, ఇలాంటిదొకటి ఉందని తెలిసినవాళ్లే లేరు.

ఎందుకు తెలియలేదంటే, తీసినవాళ్లు వేరు, విడుదల చేసినవాళ్లు వేరు. తీసింది టర్నర్ సంస్థకి చెందిన యానిమేషన్ విభాగం. సినిమా పూర్తవుతున్న సమయంలోనే, 1996 అక్టోబరులో, టర్నర్ కంపెనీ వెళ్లి టైమ్ వార్నర్‌లో కలిసిపోయింది, ఆ యానిమేషన్ విభాగం కూడా వార్నర్ వాళ్ల సొంత విభాగంలో కలిసిపోయింది. అలా పెంచుకున్నవాళ్లు పోయి, ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో ఈ బొమ్మ పడింది. 1997 మార్చి చివర్లో పెద్దగా పబ్లిసిటీ లేకుండా థియేటర్లలోకి వదిలారు. ఇదే వార్నర్ సంస్థ కొద్ది నెలల ముందు స్పేస్ జామ్ అనే సినిమాని ఎంత హోరెత్తించి అమ్మిందో, అమెరికాలోనే దానికి 9 కోట్ల డాలర్లు ఎలా వచ్చాయో పక్కన పెట్టి చూడండి. "ఆ రోజుల్లో డిస్నీ కాకపోతే పిల్లలు రారు" అనేవాళ్లకి కూడా జవాబుంది. అదే 1997 నవంబరులో ఫాక్స్ వాళ్లు అనస్తాషియా వదిలారు, అదీ యానిమేషన్ మ్యూజికలే, అదీ డిస్నీ కాదు, ప్రచారం గట్టిగా చేశారు, అమెరికాలో 5.8 కోట్ల డాలర్లు దాటి వచ్చాయి. పిల్లలు వచ్చారు కదా మరి. రెండేళ్లకి ఐరన్ జెయంట్ విషయంలో కూడా వార్నర్ వాళ్లు ఇలాగే చేతులెత్తేశారు, ఈ రోజు దాన్ని చెత్త సినిమా అనే ధైర్యం ఎవరికీ లేదు.

మనకి ఈ కలెక్షన్ల కొలబద్ద కొత్తేం కాదులెండి. 2010లో ఆరెంజ్ పోయింది, ఏళ్ల తర్వాత రీ-రిలీజ్ చేస్తే అవే పాటలకి హాల్లో జనం గొంతు కలిపి పాడారు. కనీసం దాన్ని జనం చూసి, తిట్టి, తర్వాత మనసు మార్చుకున్నారు. ఈ పిల్లికి తిట్టించుకునే భాగ్యం కూడా దక్కలేదు.

"డిస్నీకి నకలు" అనేది నాకు అన్నిటికంటే నవ్వొచ్చిన మాట. ఆ దశాబ్దపు డిస్నీ పద్ధతి మనందరికీ తెలుసు: రాకుమారుడో రాకుమారో ఉండాలి, కొంచెం మంత్రం ఉండాలి, చివర్లో విలన్ ఎత్తు మీద నుంచి పడి చావాలి. ఇందులో మంత్రం లేదు, రాజ్యం లేదు, ఎవరూ చావరు. గీతల తీరు కూడా డిస్నీ వైపు కాకుండా 1940ల నాటి పొట్టి కార్టూన్ల వైపు ఉంటుంది: కళ్లు బయటికి పొడుచుకు రావడం, ఒళ్లు రబ్బరులా సాగడం, ఒక జోకు ముగిసేలోపు రెండోది తగలడం. దర్శకుడు మార్క్ డిండల్. మూడేళ్లకి ఇతనే డిస్నీకి ఎంపరర్స్ న్యూ గ్రూవ్ తీసిపెట్టాడు, అందులో జనం ఇప్పటికీ మెచ్చుకునే ఆ వేగం, ఆ వెటకారం ఇక్కడ ముందే ఉన్నాయి. కాబట్టి ఎవరి దగ్గర నుంచి ఎవరికి వెళ్లిందో లెక్క తిరగేసి చూసుకోవాలి.

అసలు ఆ వాదన రాసినవాళ్లకి కనపడనిది, లేదా కనపడినా పట్టనిది ఇంకొకటుంది. 1939 అన్న సంవత్సరం. ఊరికే పాత కార్లూ టోపీలూ బావుంటాయని పెట్టిన సంవత్సరం అని నేననుకోను. ఆ ఏడాది డిసెంబరులో గాన్ విత్ ద విండ్ మొదటి ఆట అట్లాంటాలో వేస్తే, అందులో పనిమనిషి పాత్ర వేసిన నల్లజాతి నటి హాటీ మెక్‌డేనియల్ ఆ ఆటకి వెళ్లలేకపోయింది, అక్కడి వర్ణవివక్ష చట్టాలు అలాంటివి. రెండు నెలల తర్వాత అదే పాత్రకి ఆస్కార్ వస్తే, ఆ హోటల్ హాల్లో ఆమెని తోటి నటుల బల్ల దగ్గర కాకుండా గోడవారగా విడిగా వేసిన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నల్లవాళ్లకి పనిమనుషులూ వంటవాళ్లూ తప్ప వేషాలు లేని హాలీవుడ్ అది. ఇప్పుడు మళ్లీ ఈ సినిమాలోకి రండి. వూలీ అనే ముసలి ఏనుగు ఉంటాడు, పియానో అద్భుతంగా వాయిస్తాడు, స్టూడియోలో అతని పని మస్కట్‌గా, అంటే స్టూడియో గుర్తుగా, నిలబడటం. డానీకి అతనే నచ్చజెప్తాడు: ఇక్కడ మనకి ఇచ్చేది ఇంతేనోయ్, ఎక్కువ ఆశపడకు అని. అది విలన్ చెప్పే మాట కాదు, దెబ్బలు తిన్న మంచివాడు చెప్పే మాట. సాయర్ అనే ఆడపిల్లి పాటా ఆటా వచ్చినా ఏజెంటు ఆఫీసులో సెక్రటరీగా ఫోన్లు ఎత్తుకుంటూ ఉంటుంది. టిల్లీ అనే నీటిఏనుగు, క్రాన్‌స్టన్ అనే మేక, ఫ్రాన్సెస్ అనే చేప, తాబేలు టీడబ్ల్యూ, అందరూ ఒకప్పుడు కలలతో వచ్చి సర్దుకుపోయినవాళ్లే. డెబ్భై అయిదు నిమిషాల పిల్లల సినిమాలో ఈ సంగతి ఒక్క ఉపన్యాసం లేకుండా నడిచిపోయింది. పిల్లలకి 'అన్యాయం' అన్నంతవరకు అందుతుంది, పెద్దవాళ్లకి మిగతాది అందుతుంది. దీన్ని నకలు అనేవాళ్లు అసలు ఏదో చూపిస్తే బావుంటుంది.

ఇక పాటలు. "ఒక్కటీ గుర్తుండదు" అట. పాటలు రాసి బాణీ కట్టింది రాండీ న్యూమన్, టాయ్ స్టోరీలో స్నేహం పాట ఆయనదే. హాలీవుడ్ సంగీతం ఆయనకి ఇంటి విద్య: పెదనాన్న ఆల్ఫ్రెడ్ న్యూమన్ తొమ్మిది ఆస్కార్లు గెలిచిన మనిషి, పాత ఫాక్స్ స్టూడియోలో సంగీత విభాగానికి పెద్ద. అందుకే 1930ల హాలీవుడ్ హంగామా ఇక్కడ అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. డార్లా పాడే బిగ్ అండ్ లౌడ్ పాట చూడండి, పైకి డానీకి నటనలో మెళకువలు నేర్పిస్తున్నట్టుంటుంది, అసలు పని అతన్ని గోతిలోకి దించడం. తియ్యగా మొదలై, పోనుపోను గొంతు పెంచుకుంటూ కేకలై, ఆ పిల్ల లోపల ఉన్న రాక్షసి బయటపడే దాకా పోతుంది. ఒక్క పాటలో పాత్ర మొత్తం తెలిసిపోవడమంటే అది. దానికి పూర్తి వ్యతిరేకం టెల్ మీ లైస్, అన్నీ పోయాక సాయర్ పాడుకునే పాట, పాడింది గాయని నాటలీ కోల్. పిల్లల సినిమాలో అంత నెమ్మదైన, అంత పెద్దరికం ఉన్న దిగులు పాట పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. గుర్తుండదు అన్నవాళ్లు ఆ సమయానికి ఫోన్ చూసుకుంటూ ఉండుంటారు.

డాన్సుల సంగతి ఇంకా ఉంది. మొదట్లో నృత్యాల విషయంలో సలహాదారుగా ఉన్నది జీన్ కెల్లీ, సింగిన్ ఇన్ ద రెయిన్‌లో ఆడిపాడిన ఆ హీరోనే. 1996 ఫిబ్రవరిలో పోయారు, సినిమాని ఆయనకే అంకితమిచ్చారు. ఆఖరి పాట ఎలా కట్టారో గమనించండి: జంతువులు స్టేజి మీద ఆడుతుంటే డార్లా వెనక నుంచి మీటలు లాగి, తాళ్లు వదిలేసి, ఆట పాడుచెయ్యాలని చూస్తుంది. ఆమె చేసే ప్రతి చెడ్డపనీ తాళానికి సరిగ్గా పడి, ఆటలో అదో కొత్త విన్యాసమై కూర్చుంటుంది, హాల్లో జనం ఇంకా చప్పట్లు కొడతారు. మండిపోయి ఆమె అరిచిన అరుపులు మైకులో పడి, అంతకుముందు సెట్‌ని నీళ్లతో ముంచి జంతువుల మీదకి నింద తెచ్చింది తనేనని అందరికీ తెలిసిపోతుంది. కథ ముడి విప్పడం, విలన్‌కి శిక్ష, ఆట, అన్నీ ఒకే పాటలో. దీన్ని చాలామంది చూసింది ఎలాగంటే, 2002లో వచ్చిన డీవీడీలో వెడల్పు బొమ్మని పాత టీవీ ఆకారానికి కత్తిరించి ఇచ్చారు. పదిమంది వరసగా ఆడుతుంటే అటు ఇద్దరు ఇటు ఇద్దరు ఫ్రేములో లేకపోతే డాన్సు బాలేదనిపించదా మరి! ఈమధ్య వచ్చిన పూర్తి వెడల్పు బ్లూ-రే ప్రతి చూసి అప్పుడు మాట్లాడమనండి.

"పాత హాలీవుడ్ జోకులు పిల్లలకి అర్థం కావు": కానక్కర్లేదు. డార్లా వెనక వచ్చే ఆ కొండంత సేవకుడి పేరు మ్యాక్స్, సన్‌సెట్ బూలెవార్డ్ అనే పాత హాలీవుడ్ సినిమా చూసినవాళ్లకి అది ఎవరి మీద విసురో తెలుస్తుంది, తెలియనివాళ్లకి తలుపులో పట్టని భారీ మనిషి ఒక చిటికెడు పిల్లకి వంగి వంగి దణ్ణాలు పెట్టడమే చాలు నవ్వడానికి. దడుసుకుంటారన్న ముచ్చట మీద ఎక్కువ రాయను. పేదరాశి పెద్దమ్మ కథల్లో రాక్షసులకి భయపడని పిల్లలు డార్లాకి భయపడతారా, నా అనుభవంలో అయితే పిల్లలకి ఆమే ఫేవరెట్, ఇంట్లో ఆమెలా అరిచి చూపిస్తారు (అది వేరే తలనొప్పి).

పస ఉన్న మాటలున్నాయన్నాను కదా. డానీ, సాయర్‌ల ప్రేమ వ్యవహారం పల్చగా ఉంటుంది, నిజమే. సినిమా మరీ పొట్టి, ఆ చేపకీ మేకకీ తలా ఒక జోకు తప్ప కథ లేదు, వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో ఏం పోగొట్టుకున్నారో ఇంకో పది నిమిషాలు చెప్పుంటే బలంగా ఉండేది. ముగింపు టైటిల్స్ మీద వచ్చే పాప్ పాట కూడా ఆనాటి రేడియో కోసం అతికించినట్టుంటుంది. ఈ మాటలు రాసుంటే నేనూ లైక్ కొట్టేవాణ్ణి.

చివరిగా "మెచ్చుకునేవాళ్లది చిన్ననాటి మురిపెం" అన్నది. ఇది వినడానికి తెలివైన మాటలా ఉంటుంది, ఎందుకంటే దీనికి జవాబు చెప్పబోయిన ప్రతివాడూ చిన్నప్పుడు చూసినవాడే అయ్యుంటాడు, నోరు మూయించడం తేలిక. కానీ యానిమేషన్ రంగంలో పనిచేసేవాళ్ల సంఘం ఇచ్చే ఆనీ అవార్డుల్లో ఉత్తమ చిత్రం బహుమతి ఈ సినిమాకి 1997లోనే వచ్చింది. ఆ విభాగం మొదలైనప్పటి నుంచి డిస్నీ నుంచి రాని బొమ్మ ఒకటి దాన్ని గెలవడం అదే మొదటిసారి. ఓటేసినవాళ్లు క్యాసెట్ అరిగిపోయేలా చూసిన పసిపిల్లలు కారు, ఇదే పని చేసి బతికే పెద్దవాళ్లు, గీత ఎక్కడ బాగుందో ఎక్కడ తేలిపోయిందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లు. వాళ్లు థియేటర్లు ఖాళీగా ఉన్న ఆ ఏడాదే ఓటేశారు. అప్పటికి ఈ సినిమా మీద మురిపెం పెంచుకోవడానికి ఎవరికీ టైమే లేదు.