సందేహాలకు జవాబు సరే, లెక్క మాటేమిటి?

నెట్‌వర్క్ మార్కెటింగ్ అంటే సరుకు అమ్ముతూ, మన కింద కొత్తవాళ్లని చేర్చుకుంటూ, వాళ్ల అమ్మకాల మీద కూడా కమీషన్ తీసుకునే వ్యాపారం. దాన్ని సమర్థిస్తూ వచ్చిన ఒక వ్యాసం చదివాం. జనానికుండే అనుమానాలకు రచయిత ఓపిగ్గా జవాబులిచ్చారు. ‘ఇది పిరమిడ్ స్కీము (కొత్తగా చేరేవాళ్ల డబ్బే పైవాళ్లకి పంచేది) కాదు, ఇందులో సరుకుంది’ అన్నది వాటిలో ముఖ్యమైనది. సరుకుందండీ, కాదనం. మా పాలకొల్లు వైపు చాలా ఇళ్లలో ఫ్రిజ్ మీద ప్రోటీన్ డబ్బా ఉంటుంది, సీలు కూడా తీయకుండా. కొన్నది తాగడానికి కాదు, కమీషన్ కోసం ఆ నెల చూపించాల్సిన కొనుగోలు పాయింట్లు నిలబెట్టుకోవడానికి.

చూడాల్సింది అక్కడే. డబ్బు బయట కొనేవాళ్ల నుంచి వస్తోందా, కొత్తగా చేరినవాడి జేబులోంచా? ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చుకుంటూ పోతే పదో మెట్టులోనే 6 కోట్ల మంది కావాలి. ఆంధ్రప్రదేశ్ మొత్తం చేరినా చాలదు. ఫంక్షన్ హాల్ మీటింగులో బోర్డు మీద లెక్క మాత్రం నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండా నేరుగా అమ్మడం) నిబంధనల ప్రకారం చేరడానికి ఫీజు అడగకూడదు, మనుషుల్ని చేర్చినందుకు లాభం పంచకూడదు. మనుషుల్ని చేర్పించి డబ్బు తిప్పే స్కీముల్ని నిషేధించిన 1978 నాటి మనీ సర్క్యులేషన్ చట్టం ఎలాగూ ఉంది. నిజంగా సరుకు అమ్ముకుని బతికేవాళ్లతో పేచీ లేదు. డ్వాక్రా అక్కలు పచ్చళ్లు అమ్ముకోవడం లేదూ?

‘కష్టపడలేదు కాబట్టే డబ్బు రాలేదు’ అన్న రచయిత జవాబు మాత్రం మింగుడుపడలేదు. రొయ్యల చెరువు దెబ్బతింటే సీడ్, మేత, నీళ్లు, రేటు అన్నీ చూస్తాం. రైతు బద్ధకమని తేల్చేయం. ఇక్కడ చిక్కేమిటంటే, పిలిచేది మేనమామో బావో అవుతాడు, గట్టిగా అడగలేం. అయినా అడగండి: ‘బావా, పోయిన నెల మన టీములో లేనివాళ్లకి ఎంత అమ్మావు? బిల్లులు చూపించు.’