లంచ్ బాక్సుకు మార్కులు వేయాల్సిందే

ఏటా జూన్‌లో బళ్ళు తెరవగానే చాలా ప్రైవేటు స్కూళ్ళు తల్లులకు ఒక సిలబస్ పంపుతాయి. దాని పేరు మెనూ టైం టేబుల్. సోమవారం చపాతీ, కూర. మంగళవారం ఇడ్లీ. బుధవారం వెజ్ పులావ్. గురువారం ఆకుకూర పప్పు, అన్నం. శుక్రవారం 'ఎనీ హెల్తీ ఫుడ్'. (మిగతా నాలుగు రోజులూ తినేది ఏ రకం ఫుడ్డో అడగకూడదు.) ఇలా సిలబస్ ఇచ్చి, రోజూ మధ్యాహ్నం పరీక్ష పెట్టి, సాయంత్రం గేటు దగ్గర "బాబు ఈరోజు సగమే తిన్నాడు మమ్మీ" అని ఫలితాలు కూడా ప్రకటిస్తున్నారు. అన్నీ ఉండి మార్కులు ఒక్కటే లేకపోవడం మన విద్యావ్యవస్థకే లోటు. లంచ్ బాక్సును జవాబు పత్రంగా గుర్తించి, ప్రోగ్రెస్ కార్డులో తెలుగు, లెక్కల పక్కన దానికీ ఒక గడి కేటాయించాలని ఇందుమూలంగా కోరుతున్నాను.

పరీక్ష రాసేది ఎవరన్న అనుమానం ఎవరికీ లేదు. తల్లే. చీకటితో లేచి, ఆటో హారన్ కొట్టేలోపు పేపర్ ముగించి మూత పెట్టాలి. ఎక్స్‌ట్రా టైం ఉండదు. డైరీలో సంతకం తండ్రిదే అయినా ఆయన రంగంలోకి దిగేది ఫలితాలు వచ్చాకే. "నువ్వసలు వాడికేం పెడుతున్నావ్?" అని ఒక్క ప్రశ్న వేసి ఫోన్ చూసుకుంటాడు. ఆ తర్వాత నానమ్మగారి రీవాల్యుయేషన్. "పిల్లాడు ఎలా చిక్కిపోయాడో చూడు. మావాడు ఈ వయసులో రెండు కంచాలు లాగించేవాడు." రీవాల్యుయేషన్‌లో మార్కులు తగ్గడమే గానీ పెరిగిన దాఖలా ఏ ఇంట్లోనూ లేదు.

ఇక పరీక్ష హాలు. క్లాసులో నలభై మంది, లంచ్ టైం ఇరవై నిమిషాలు అనుకుందాం. ఒక్కో పిల్లాడికి టీచర్ ఇవ్వగలిగేది ముప్పై సెకన్లు. నాలుగు వైపులా క్లిప్పులున్న ఎయిర్ టైట్ బాక్సు మూత తీయడానికే అది చాలదు. చారు కారకూడదని అమ్మ బిగించిన మూత ఆరేళ్ళ వేళ్ళకి లొంగదన్న సంగతి దాన్ని తయారు చేసినవాడికి తట్టలేదు, కొన్నవాళ్ళకి గుర్తు రాలేదు. మూత తీయించుకోవడానికి లైన్లో నిలబడి, వంతు వచ్చేసరికి ఆకలి చచ్చి, రెండు ముద్దలు తినేలోపు బెల్ కొట్టించుకున్న పిల్ల కూడా సాయంత్రం రిపోర్టులో 'సరిగా తినట్లేదు' అనే నమోదవుతుంది. మూతకి మాత్రం ఏ రిమార్కూ రాదు.

సిలబస్‌లో లేనివి రాస్తే మార్కులు కట్. ఆవకాయ అన్నం యూనిఫాంకి మరక. పప్పుచారు పుస్తకాల మీద కారుతుంది. చేపల పులుసు సంగతి తలుచుకోవద్దు. కొన్ని బళ్ళు గుడ్డు కూడా పంపవద్దంటాయి, వాసనట. ఆ వాసన ఎవరి ముక్కుకి వచ్చిందో సర్క్యులర్‌లో రాయరు, అడిగే ధైర్యం తల్లులూ చేయరు. అదే వీధి చివర సర్కారు బడిలో మాత్రం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారానికి 5 గుడ్లు పెడుతోంది. అక్కడ అది పౌష్టికాహారం. గేటు మారితే గుడ్డుకి వాసన ఎలా వస్తుందో సైన్సు టీచర్లు తేల్చాలి.

ఇంత కట్టుదిట్టమైన సిలబస్ ఉన్న చోటే ఎక్కం తప్పు లేకుండా చెప్పిన పిల్లకి బహుమతి చాక్లెట్. నెలలో కనీసం నాలుగు పుట్టినరోజులు, వాటికీ చాక్లెట్లే. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. అది అమ్మేవాళ్ళకే గానీ క్లాసులో ఉచితంగా పంచేవాళ్ళకి వర్తించదని మనవాళ్ళ ధీమా.

గేటు దగ్గర తల్లీ టీచరూ ఎదురుపడినప్పుడు జరిగే చర్చలు కూడా చూడదగ్గవి. "మీరు ఇంట్లో అలవాటు చేయాలి మమ్మీ" అంటారు టీచర్. "మీరు కొంచెం భయం పెట్టండి మేడం, మీరంటే వాడికి భయం" అంటుంది తల్లి. ఇంట్లో ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద దిగదని తల్లి చెప్పదు. బడిలో టైం చాలదని టీచర్ చెప్పరు. రెండు నిజాలనూ చెరొకరు భద్రంగా దాచుకుని, అలవాటుకీ భయానికీ మధ్య పిల్లాణ్ణి నిలబెట్టి, థాంక్యూలు చెప్పుకుని విడిపోతారు. ఆ కాసేపట్లో వాడు రెండుసార్లు "అమ్మా ఆకలేస్తోంది" అని కొంగు లాగి ఉంటాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకునేటప్పుడు మధ్యలో రాకూడదని వాడికి ఇద్దరూ కలిసే చెబుతారు. అంతటి ఏకాభిప్రాయం మరే విషయంలోనూ కుదరదు.

వాట్సాప్ గ్రూపు మరో పరీక్షా కేంద్రం. "గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడం, బీన్స్ తిన్నాడా? ప్లీజ్ కన్ఫర్మ్." మేడం గారు నోటు పుస్తకాలు దిద్దుతూ ఎడం చేత్తో 'యస్' కొడతారు. ఆ యస్ చూసి ఇంట్లో పండగ, మర్నాడు మళ్ళీ బీన్స్. బాక్సు ఖాళీ అయితే నూటికి నూరు అని పిల్లలు మొదటి టర్మ్‌లోనే కనిపెట్టేస్తారు. ఖాళీ చేయడానికి తినడం ఒక్కటే మార్గం కాదని రెండో టర్మ్‌కి తెలుస్తుంది. డస్ట్‌బిన్ ఉంది, బస్సు కిటికీ ఉంది, అన్నిటికంటే ఘనంగా పక్క బెంచీ ఉంది. బెంచీల మధ్య మాల్ ప్రాక్టీస్ జరిగి, గోంగూర పప్పు అటు వెళ్ళి నిమ్మకాయ పులిహోర ఇటు వస్తే ఇద్దరూ కడుపు నిండా తింటారు. బడిలో భోజనం అనదగ్గది జరిగేది బహుశా అప్పుడే. కాకపోతే "వాళ్ళమ్మ చేసినట్టు చెయ్యి" అని ఇంటికొచ్చి నోరు జారినవాడు తల్లిని ఆ ఏడాదికి ఫెయిల్ చేసినట్టే.

సర్కారు బడిలో ఈ పరీక్ష టీచర్లకి. దేశమంతటా ప్రైమరీ పిల్లలకి మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలని లెక్క. వడ్డించే ముందు కనీసం ఒక్క టీచరైనా రుచి చూడాలని నిబంధన. రుచి చూసి రిజిస్టర్ రాసి, ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. సిగ్నల్ కోసం సారు వేపచెట్టు కిందికి నడిచేసరికి అన్నం చల్లారుతుంది. పైగా 450 అన్నది కంచంలో పడిన లెక్క. కడుపులోకి ఎంత వెళ్ళిందని ఏ యాప్ కూడా అడగదు, అడిగితే ఫొటో తీయడం కష్టం. 2024 నుంచి ఆంధ్రలో ఈ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఆవిడ దగ్గర రిజిస్టర్ ఉండేదని మాత్రం నేనెక్కడా చదవలేదు.

ఆ ఏడాదే డిసెంబర్ 7న రాష్ట్రమంతా సర్కారు బళ్ళలో తల్లిదండ్రులను, టీచర్లను ఒకే రోజు కూర్చోబెట్టారు. మంచిదే. ప్రైవేటు బళ్ళు దీన్ని ఒక మెట్టు పైకి తీసుకెళ్ళాలి. పేరెంట్స్ మీటింగ్ రోజున తండ్రులందరినీ ఒకటో తరగతి బెంచీల మీద కూర్చోబెట్టి, పొద్దున ఏడింటికి మూత పెట్టిన చపాతీని పన్నెండున్నరకి, ఇరవై నిమిషాల్లో, మాట్లాడకుండా, కింద పడకుండా, యూనిఫాం మీద మరక పడకుండా తినమనాలి. ఖాళీ బాక్సు చూపించినవాళ్ళకి స్టార్. చూపించలేనివాళ్ళ విషయం నలుగురిలో భార్యలకి చెప్పాలి.

ఈ మార్కులు వేయడానికి కమిటీ వేస్తే అందులో ఆయమ్మను కూడా చేర్చాలని మొదట అనుకున్నాను. మూతలు తీసేది, కారిన చారు తుడిచేది, ఏ పిల్లకి వంకాయ పడదో, ఎవడు పొద్దున ఏమీ తినకుండా వస్తాడో, ఏ బాక్సు ఎక్కడ ఖాళీ అవుతుందో తెలిసింది ఆవిడకే. గ్రూపులో మాత్రం ఆవిడ లేదు. తీరా ఆలోచిస్తే, ఆవిడని చేరిస్తే అడిగినవాళ్ళందరికీ ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. తర్వాత గ్రూపులో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు, జూన్‌లో పంపడానికి సిలబస్ ఉండదు. అందుకని ఆ ఒక్క ప్రతిపాదననీ వెనక్కి తీసుకుంటున్నాను.