జాఫ్నా స్కోరు సింహళంలోనూ రావాలి

2018 మార్చి 6న శ్రీలంక ప్రభుత్వం దేశమంతటా ఎమర్జెన్సీ విధించింది. క్యాండీ జిల్లాలో సింహళ అల్లరిమూకల దాడుల్లో ముస్లింల ఇళ్లు, దుకాణాలు తగలబడుతున్న రోజులవి. అదే రాత్రి కొలంబోలో నిదహాస్ ట్రోఫీ క్రికెట్ టోర్నీ తొలి మ్యాచ్‌లో శ్రీలంక భారత్‌ను 5 వికెట్ల తేడాతో ఓడించింది. మర్నాడే ఫేస్‌బుక్, వాట్సాప్‌లను ఆపేశారు, విద్వేషం వాటి ద్వారానే పాకుతోందని. స్కోరు చూసిన ఫోన్‌లోనే విషప్రచారమూ చదివారు జనం. ఆట మనుషుల్ని దానంతటదే కలిపేస్తుందన్న మాటను అందుకే మేం నమ్మడం లేదు. ఆ ఫోన్‌లోకి ఎలాంటి వార్త చేరుతోందన్నది ముఖ్యం.

శ్రీలంక సైన్యానికి, తమిళ పులులకు (ఎల్‌టీటీఈ) మధ్య 26 ఏళ్ల అంతర్యుద్ధం 2009 మేలో ముగిసింది. కానీ సింహళీయులు చదివేది ఒక పత్రిక, తమిళులు చదివేది ఇంకొకటి. మరుసటి ఏడాది జులైలో ముత్తయ్య మురళీధరన్ గాలేలో మన హైదరాబాద్ స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝాను ఔట్ చేసి 800వ టెస్టు వికెట్ తీశారు. ఆ ఘనతకు సాటి లేదు. అయితే ఆయన ఉత్తరాది వాడు కాదు, దేశం మధ్యలోని క్యాండీ ప్రాంతపు తమిళుడు. యుద్ధంలో నలిగిన ఉత్తరాది పిల్లలు ఏ మైదానంలో ఆడుతున్నారో ఆ 800 వికెట్ల కథలో కనిపించదు.

అది తెలియాలంటే ఉత్తరాదిలోని తమిళ నగరం జాఫ్నా వెళ్లాలి. అక్కడ సెంట్రల్ కాలేజీ, సెయింట్ జాన్స్ కాలేజీ అనే రెండు స్కూళ్ల మధ్య ‘ఉత్తరాది పోరు’ అనే క్రికెట్ మ్యాచ్ 1904లో మొదలైంది. సెంట్రల్ కాలేజీ కుర్రాడు విజయకాంత్ వియాస్కాంత్ 2020లో లంక ప్రీమియర్ లీగ్‌లో, థిసార పెరీరా కెప్టెన్సీలోని జాఫ్నా జట్టుకు ఆడాడు. తొలి వికెట్టే ఏంజెలో మాథ్యూస్‌ది! తమిళ కుర్రాడిని సింహళ కెప్టెన్ భుజం తట్టి బౌలింగ్‌కు పంపడం ఏ నాయకుడి ఉపన్యాసం కన్నా ఎక్కువ పని చేస్తుంది. 2024 మేలో అదే వియాస్కాంత్ సన్‌రైజర్స్ తరఫున ఉప్పల్‌లో బౌలింగ్ చేశాడు. హెడ్, అభిషేక్ 9.4 ఓవర్లలో ఛేజింగ్ ముగించిన మ్యాచ్ అది. వాళ్ల సిక్సర్ల హోరులో ఈ లెగ్‌స్పిన్నర్ ఎక్కడి నుంచి వచ్చాడో ఎంతమంది గమనించారు?

ద పపరే లాంటి వెబ్‌సైట్లు ఇంగ్లిష్‌తో పాటు సింహళ, తమిళాల్లోనూ క్రీడావార్తలు ఇస్తున్నాయి. ఈ పని పెరగాలి. జాఫ్నా స్కూలు మ్యాచ్ స్కోరు గాలేలో సింహళంలో చదవాలి, గాలే కుర్రాడి సెంచరీ జాఫ్నాలో తమిళంలో చదవాలి. రోజూ చదివే పేరు పరాయిది అనిపించదు. ఉత్తరాది నుంచి వచ్చి, ఆసియా టైటిళ్లలో శ్రీలంకకు గోల్స్ పండించిన నెట్‌బాల్ క్రీడాకారిణి తర్జిని శివలింగం గురించి క్రికెటర్ల గురించి రాసినంత రాయాలి.

చేదు విషయాలు దాచిపెట్టి ‘అందరం ఒక్కటే’ అని రాస్తే మాత్రం లాభం లేదు. జాఫ్నాలో ఇప్పటివరకు ఒక్క అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ జరగలేదు. జాఫ్నా పక్కనున్న మండైతీవు దీవిలో స్టేడియం పనులు 2025లో గానీ మొదలు కాలేదు. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని సింహళ విలేకరి సింహళ పాఠకుల కోసం రాసినప్పుడే తమిళులకు నమ్మకం కుదురుతుంది. తమిళులే తమిళంలో అడుగుతూ ఉంటే అది పాత ఫిర్యాదుగానే మిగిలిపోతుంది.

శ్రీలంక క్రికెట్ బోర్డు చేయగలిగిందీ ఉంది. జాఫ్నా, తూర్పు తీరంలోని బట్టికలోవా విలేకరులకు పెద్ద మ్యాచ్‌ల పాసులు ఇవ్వాలి, ప్రెస్‌మీట్‌లో తమిళ ప్రశ్నను ఆటగాడికి వివరించే మనిషిని పెట్టాలి. మండైతీవులో తొలి మ్యాచ్ జరిగేదాకా ఇందుకు ఆగనక్కర్లేదు.