సవరణ: నాలుగో ఏడాది ఆనర్స్‌లో 75 శాతం నిబంధన

నాలుగేళ్ల డిగ్రీపై అనంతపురంలో కూర్చునే డీన్లు, శాఖాధిపతుల కోసం రాసిన పోస్టులో, నాలుగో ఏడాదికి వెళ్లాలంటే అందరికీ 75 శాతం మార్కులు ఉండాలన్నాం. అది తప్పు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022లో ఇచ్చిన డిగ్రీ చట్రంలో ఆ నిబంధన పరిశోధనతో కూడిన ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’కే. మొదటి ఆరు సెమిస్టర్ల మార్కులు చూస్తారు. వాళ్లకు 12 క్రెడిట్ల (చదువు బరువును కొలిచే యూనిట్ల) పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది.

మామూలు ఆనర్స్‌వాళ్లకు దాని బదులు మూడు పేపర్లు, అవీ 12 క్రెడిట్లే. అసలు చిక్కు ఇక్కడే. ఉపన్యాసాల పేపరుకు క్రెడిట్‌కు 15 గంటలు, అంటే మొత్తం 180 గంటలు. ఒకే సెమిస్టర్‌లో పెడితే, 15 వారాలకు వారానికి 12 గంటలు. మా పాత లెక్క పట్టుకుని, నాలుగో ఏడాదివాళ్లంతా పరిశోధనే చేస్తారనుకుని పరిశోధన గైడ్లనే లెక్కేసుకుంటే టైంటేబుల్ దగ్గర బోల్తా పడతారు. అధ్యాపకుల కొరత ఉన్న శాఖలైతే మరీనూ.

ఇంకొకటి: మొదటి ఏడాదితో ఆపేసేవారికి సర్టిఫికెట్ 40 క్రెడిట్లతోనే రాదు. వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు కూడా పూర్తిచేయాలి.