మంట కాదది, సమాచారం

మా అపార్ట్‌మెంటు గుంటూరు బ్రాడీపేటలో. ఎన్నో లైనో, ఎన్నో అడ్డరోడ్డో చెప్పానంటే ఎవరైనా సరే దారి అడక్కుండా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు. కాబట్టి ఆ రెండు అంకెలూ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఫ్లాటు నంబరు మాత్రం చెప్పక తప్పదు. 302.

మాకో వాట్సాప్ గ్రూపు ఉంది. మోటారు కాలిపోయిందనీ, మెయింటెనెన్సు ఫలానా వాళ్ళు ఇంకా కట్టలేదనీ చెప్పుకోడానికి పెట్టుకున్న గ్రూపు. మెల్లగా అందులోకి గులాబీలూ శుభోదయాలూ వచ్చాయి. వాటి వెనకాలే సైన్సు వచ్చింది. సైన్సు ఎక్కువగా 201 హెడ్మాస్టారి దగ్గర్నుంచి వస్తుంది. ఆయన లెక్కల మాస్టారుగా చేరి హెడ్మాస్టారుగా రిటైరయ్యారు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. కాఫీ పొడి డబ్బా చప్పుడవకుండా తీయడం రాదు కాబట్టి, ఇంట్లోవాళ్ళు లేచేదాకా ఫోను పట్టుకోమని కోడలు అలవాటు చేసిందట. ఆ అలవాటు ఫలితం మేమంతా అనుభవిస్తున్నాం.

ఆగస్టు వచ్చిందంటే చాలు, "ఈ నెల 27 రాత్రి అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడు, పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్ళండి" అని పెడతారు. ఈ కథకి మూలం లేకపోలేదు. 2003 ఆగస్టు 27న అంగారకుడు నిజంగానే మనకి బాగా దగ్గరికొచ్చాడు. అంత దగ్గరికి రావడం దాదాపు 60 వేల ఏళ్ళలో అదే మొదలు. దగ్గరంటే అయిదున్నర కోట్ల కిలోమీటర్ల పైమాటే. 75 రెట్లు పెద్దది చేసి చూపించే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి పున్నమి చంద్రుడు ఎంత ఉంటాడో అంత కనిపిస్తాడని అప్పట్లో ఒక ఈమెయిల్ తిరిగింది. చేతులు మారుతూ మారుతూ ఉండగా టెలిస్కోపు దారిలో రాలిపోయింది. చంద్రుడు మిగిలాడు. ఏటా ఆగస్టులో మా గ్రూపుకొచ్చి పలకరించి వెళ్తుంటాడు.

అప్పుడు నేను దిగుతాను. నా మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: "ఇది అవాస్తవం." ఆ తర్వాత ఎనిమిది పేరాలు. మా ఆవిడ అంటుంది, "మీరు 'ఇది' అని టైప్ చెయ్యంగానే సగం ఫ్లాట్లు గ్రూపుని మ్యూట్‌లో పెట్టేస్తాయండీ" అని. జనం నాకు 'నాసా గారు' అని పేరు పెట్టారు. వెక్కిరింపు అని నాకు తెలుసు, అయినా లోపల ఎక్కడో బాగానే ఉంటుంది. వాచ్‌మన్ కూడా, "నాసా గారూ, మీ స్కూటరు అడ్డంగా పెట్టారండీ" అంటాడు.

అసలు సంగతి ఫిబ్రవరిలో జరిగింది. మిర్చి మార్కెట్ యార్డులోకి కొత్త మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దిగే రోజులు. మా ఆవిడ కొరివికారం పెట్టాలని మూడు కిలోల పండుమిరపకాయలు తెప్పించింది. కడిగి, పాత నూలుచీర మీద ఆరబోసి, ఒక్కోటీ గుడ్డతో తుడిచి, ఆదివారం పొద్దున నా ముందు పోసింది.

"తొడిమలు తీసి, ఒక్కోదాన్నీ రెండుగా తుంచి ఈ బేసిన్లో వెయ్యండి. ఫోను పక్కన పెట్టండి."

రెండు పనులు చెప్పింది. నేను ఒకటే విన్నాను.

ఎందుకంటే అప్పటికే గ్రూపులో యుద్ధం జరుగుతోంది. ముందు రోజు హెడ్మాస్టారు, మిరపకాయ మన పూర్వులు 5 వేల ఏళ్ళ కిందటే వాడిన దివ్యౌషధం అని ఒకటి పంపారు. నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే నాసా గారిని ఎలా అవుతాను? "ఇది అవాస్తవం" అని మొదలుపెట్టాను. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికో వాళ్ళు వేల ఏళ్ళుగా పండించుకుంటున్నారు. 1492లో కొలంబస్ మిరియాల కోసం బయల్దేరి, అక్కడ ఇది తిని, నోరు మండేసరికి దీనికీ మిరియం పేరే తగిలించాడు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాక, 1510లో గోవా పట్టుకున్నాక, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లోనే ఇది మనకొచ్చింది. ఇదీ నా వ్యాసం సారం.

గుంటూరులో ఉంటూ గుంటూరు గ్రూపులో రాశానీ మాట.

ముందుగా 401 గారు లేచారు. ఆయనది యార్డులో కమీషన్ వ్యాపారం. "సార్, మా తాత మిర్చి, మా నాన్న మిర్చి, నేను మిర్చి. మెక్సికో సంగతి మాకెవరూ చెప్పలేదే" అన్నారు. ఇంకొకరు గుంటూరు సన్నానికి వచ్చిన భౌగోళిక గుర్తింపు సంగతి పెట్టి, ఇప్పుడేమంటారన్నట్టు మూడు జెండాలు ఎగరేశారు. ఆ గుర్తింపు పండించే ఊరికే గానీ మొక్క పుట్టిన ఊరికి కాదని నేను. 103 పిన్నిగారు ఒక్కరే సరైన ప్రశ్న అడిగారు: "అయితే అంతకుముందు మనవాళ్ళు కూరల్లో ఏం వేసుకునేవాళ్ళు బాబూ?"

మిరియాలు, పిప్పళ్ళు అని రాశాను. అక్కడితో ఆగితే పోయేది. మన పక్కనే ఉన్న కొండవీటి కోటలో రెడ్డిరాజులు జన్మలో మిరపకాయ మొహం చూడలేదు, వాళ్ళ రాజ్యం పోయేనాటికి కొలంబస్ ఇంకా పుట్టనేలేదు అని కలిపాను.

హెడ్మాస్టారికి ఆ మాట తగిలింది. "కారం తినకుండానే అన్ని యుద్ధాలు చేశారంటావా నాయనా?"

ఇక నాకూ ఊపొచ్చింది. గుంటూరుకి పేరు తెచ్చిన రెండో పంట పొగాకు కూడా ఆ ఓడల సరుకేనన్నాను. టమాటా, బంగాళాదుంప, జామకాయ, జీడిపప్పు, వేరుశనగ అన్నీ అటువైపువే అన్నాను. రెండు నిమిషాలు గ్రూపులో ఎవ్వరూ ఏమీ రాయలేదు. ఆ తర్వాత 304 కుర్రాడు, "సార్, దణ్ణం పెడతాను, గోంగూర జోలికి మాత్రం వెళ్ళకండి" అని పెట్టాడు. గోంగూర పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రవేత్తలు చాలామంది అంటారు. ఆ మాట టైపు చేశాను కూడా. కానీ పెళ్ళాం పిల్లలు గల వాణ్ణి. పంపకుండానే చెరిపేశాను.

ఈ లోపల ఈ చేత్తో మిరపకాయలు, ఆ చేత్తో ఫోను. కాసేపటికి ఏ చెయ్యి ఏది చేస్తోందో నాకే తెలీకుండా పోయింది. అద్దం మీద ఎర్రటి జిడ్డు మరకలు పడి, 'మ' నొక్కితే 'న' పడుతోంది. చిటికెన వేలు ఒకటే శుభ్రంగా ఉందనిపించి దాంతో లాక్కొస్తున్నాను. అప్పుడు హెడ్మాస్టారు తిరుగులేని ప్రశ్న వేశారు: "పుట్టుక ఎవరిదైతేనేం. మంట మనదా, కాదా? అది తేల్చు."

చూడండి, అడక్కూడని మనిషిని అడక్కూడని ప్రశ్న అడిగారు. నాకు సంబరమేసింది. "మాస్టారూ, అసలు మంటే లేదు" అని రాశాను. మన నరాల చివర వేడిని కనిపెట్టే గ్రాహకం ఒకటుంది, పేరు టీఆర్‌పీవీ1. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే, అంటే మన మే నెల మధ్యాహ్నం అన్నమాట, అది తెరుచుకుని మెదడుకి కబురు పంపుతుంది. మిరపకాయలో ఉన్న క్యాప్సైసిన్ కూడా అదే తలుపు తడుతుంది. కాలడం ఏమీ ఉండదు, కాలుతోందన్న కబురు మాత్రం పోతుంది. 1997లో ఈ గ్రాహకాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. "కాబట్టి అది మంట కాదు, మెదడుకి అందే తప్పుడు సమాచారం. మీరు పంపే ఫార్వర్డుల్లాంటిదే." ఆఖరి వాక్యం రాసి నాలో నేనే నవ్వుకున్నాను.

అంతటితో ఆగక ఫోటో కూడా ఒకటి పెట్టాను. ఘాటు గింజల్లో ఉంటుందనుకుంటారు చాలామంది. గింజల్ని పట్టుకుని ఉండే తెల్లటి పొరలోనే అసలు సరుకంతా. ఒక లావుపాటి కాయని నిలువునా చీల్చి, ఆ పొరని బొటనవేలి గోటితో గీకి పైకి లేపి, 'ఇదే' అన్నట్టు గోటితో చూపిస్తూ తీశాను. ఫోటో చాలా బాగా వచ్చింది. గోటి సందులో ఇరుక్కున్న తెల్లపొర కూడా స్పష్టంగా కనబడుతోంది.

వేలు నొప్పి పుట్టడంతో వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నాను. మైకు బొమ్మని చిటికెన వేలితో నొక్కి, చిలకల సంగతి చెప్పాను. చిలకలు మిరపకాయలు హాయిగా తింటాయి, పక్షుల గ్రాహకానికి క్యాప్సైసిన్ పట్టదు, చాలా పక్షులు గింజల్ని నమలకుండా మింగి దూరదూరాలకి చల్లుతాయి అని. చెప్పి, వేలు తీసేసి, మెసేజ్ వెళ్ళిపోయిందనుకున్నాను. వెళ్ళలేదు. జిడ్డుకి వేలు పైకి జారి తాళం గుర్తు పడింది. అది తన మానాన తను రికార్డు చేసుకుంటూనే ఉంది.

నేను వంటింటి వైపు తిరిగి, "ఈ ముసలాయనకి వాస్కోడగామా లేచొచ్చి చెప్పినా ఎక్కదే!" అన్నాను.

నుదుటి మీంచి చెమట చుక్క ఒకటి జారి ఎడమ కంట్లో పడింది. కళ్ళజోడు తీసి కన్ను నులుముకున్నాను. బొటనవేలితో.

తర్వాతి సంగతులు నాకు విడివిడిగానే గుర్తు. అరవడం గుర్తుంది. బేసిన్ తన్నుకోవడం గుర్తుంది. "ఫోను పక్కన పెట్టమన్నానా లేదా!" అని మా ఆవిడ అనడం గుర్తుంది. పదో తరగతి చదివే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఇదేదో ఇంకా రికార్డవుతోంది, పంపేదా?" అనడం, "ఏదో ఒకటి తగలెయ్యి!" అని నేననడం కూడా గుర్తుంది. పెద్దల మాట వినే పిల్ల. పంపేసింది. ఒక నిమిషం యాభై రెండు సెకన్లు.

బాత్రూంలోకి పరిగెత్తి అవే చేతులతో మొహం కడుక్కున్నాను. దాంతో కుడి కన్ను కూడా అంటుకుంది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ సంగతి నేనే పోయినేడు గ్రూపులో పెడితే ఆరుగురు బొటనవేళ్ళు చూపించారు. అవసరానికి ఒక్క బొటనవేలూ గుర్తుకు రాలేదు.

తలుపు కొట్టిన చప్పుడైంది. 401 గారు, చేతిలో వేరుశనగ నూనె సీసాతో.

"సార్, ముందు మొహం మీంచి చేతులు తియ్యండి. అమ్మా, మీరు మంచి చేత్తో కళ్ళల్లోకి నీళ్ళు పొయ్యండి, నూనె కంటికి తగలనివ్వకండి." నా చేతులు రెండూ లాక్కుని మోచేతుల దాకా నూనె పట్టించారు. ఆ తర్వాత సబ్బు, మళ్ళీ నూనె, మళ్ళీ సబ్బు. గోళ్ళ సందులు పుల్లతో తీశారు.

ఆ మంటలోనే నేను, "క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుందండీ" అన్నాను.

"కరుగుద్దండీ, మీరు మాట్టాడకుండా కూర్చోండి. యార్డులో రోజూ ఉండేదే."

ఆయనకి నోబెల్ సంగతి తెలీదు. నాకది తెలుసు, ఇంకేమీ తెలీదు.

పావుగంటకి హెడ్మాస్టారు వచ్చారు. గ్లాసులో మజ్జిగ పట్టుకొచ్చారు. నాకు ఎదురుగా కుర్చీ లాక్కుని, స్కూల్లో తప్పు లెక్క చేసిన కుర్రాణ్ణి చూసినట్టు చాలాసేపు చూశారు.

"ఏం నాయనా, తప్పుడు సమాచారం కాస్త తగ్గిందా?"

తగ్గిందన్నాను.

"వాస్కోడగామా ఏమన్నా వచ్చి వెళ్ళాడా?"

ఆయన కళ్ళలోకి చూడలేకపోయాను. చూద్దామన్నా నావి తెరుచుకోలేదనుకోండి. మజ్జిగ మాత్రం తాగాను, కమ్మగా ఉంది. ఆయన మా ఆవిణ్ణి కొరివికారం ఎప్పుడు పోపు పెడుతున్నావమ్మా అని అడిగి, మూడో రోజున అని చెబితే వేళ్ళ మీద లెక్కపెట్టుకుని వెళ్ళిపోయారు.

కొరివికారం అన్ని ఫ్లాట్లకీ తలా ఒక సీసా పంచాం. నేను నెల రోజులు గ్రూపులో నోరు విప్పలేదు. మోటారు కాలినా ఏమీ అనలేదు.

ఉగాది ముందు ఒక రాత్రి హైదరాబాదు నుంచి మా బావమరిది ఏదో పంపాడు. పైన రెండు బాణాలు, ఎన్నోసార్లు చేతులు మారిందనడానికి గుర్తు. కింద, "గుంటూరు యార్డులో ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపకాయ తిని చూసిన శాస్త్రవేత్త పరిస్థితి. గుండె జబ్బులున్నవారు వినవద్దు. అందరికీ షేర్ చేయండి." నొక్కాను. చిలకలు వచ్చాయి. వాస్కోడగామా వచ్చాడు. ఆ తర్వాత నేనొచ్చాను.

నేనింకా తేరుకోకముందే, కొత్తగా దిగిన 104 వాళ్ళు అదే ముక్క మా గ్రూపులో పెట్టి, "అయ్యో పాపం, ఎవరో గానీ" అన్నారు. ఇక ఆగలేక 'ఇది' అని టైపు చేశాను. అప్పటికే కింద హెడ్మాస్టారి జవాబు పడింది.

"ఇది అవాస్తవం. ఈయన శాస్త్రవేత్త కాదు, మా 302. తినలేదు, తొడిమలు తీశాడు."