యాభై నిమిషాల రికార్డింగ్ పెట్టి ఆన్‌లైన్ పాఠం అనకండి

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి... ఏ డిగ్రీ కాలేజీలో చూసినా ఇప్పుడు ఒకటే మాట, పాఠాలన్నీ డిజిటల్ కావాలని. కావాలి, కాదనను. కానీ చాలాచోట్ల జరుగుతున్నదేంటి? క్లాసులో స్టాండుకు ఫోన్ బిగించి యాభై నిమిషాల పాఠం ఉన్నదున్నట్టు తీసేయడం, యూట్యూబ్‌లో పెట్టడం, లింకు వాట్సాప్ గ్రూపులో వేయడం, కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైలు కోసం ఒక స్క్రీన్‌షాట్ దాచుకోవడం. దీనికి ఈ-లెర్నింగ్ అని పేరు పెట్టడం పిల్లలకు చేస్తున్న అన్యాయం. గట్టిగానే అంటున్నా.

ముందు ఆ పాఠం చూడాల్సింది ఎవరో ఆలోచించండి. తాడ్వాయి అవతల గూడెంలోనో, మహబూబాబాద్ పక్క తండాలోనో ఉండే పిల్ల. ఇంట్లో ఒకటే ఫోన్, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్, అందులో తమ్ముడి వాటా ఉండనే ఉంది. 720 క్వాలిటీలో గంట వీడియో చూస్తే సుమారు ఒక జీబీ హారతి. రోజుకు నాలుగు పాఠాలు ఎట్ల చూస్తుంది? అదే 480లో పెడితే దాదాపు సగం మిగులుతుంది. సార్ మాట ఒక్కటీ 64 కేబీపీఎస్ ఆడియోగా ఇస్తే గంటకు 29 ఎంబీ చాలు. అందుకే ఏ పాఠమైనా మూడు రూపాల్లో ఉండాలి: 480 వీడియో, ఆడియో, రెండు పేజీల నోట్సు. ఆ నోట్సు కూడా టైపు చేసింది కావాలి. చేతిరాత పేజీలను ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేస్తే పది పేజీలకే ఇరవై ఎంబీ దాటొచ్చు, పైగా నీడలు పడి సగం అక్షరాలు కనపడవు.

ఇక నిడివి. ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో ఒక పరిశోధన వచ్చింది. వీడియో ఎంత పొడుగున్నా జనం చూసిన సమయం మధ్యస్థంగా ఆరు నిమిషాలు దాటలేదని అందులో తేలింది. అది సొంత ఇష్టంతో చేరినవాళ్ల లెక్క. హాజరు కోసం లింకు నొక్కే మన పిల్లలు అంతకంటే ఎక్కువ కూర్చుంటారని నేను అనుకోను.

బీకాంలో తరుగుదల, అంటే వాడేకొద్దీ ఆస్తి విలువ తగ్గడం, ఆ పాఠమే తీసుకోండి. క్లాసులో ఒకే పీరియడ్‌లో లాగించేస్తాం. ఆన్‌లైన్‌కు దాన్ని నాలుగు ముక్కలు చేయాలి. తరుగుదల ఎందుకు లెక్కగడతాం అనేదానికి ఐదు నిమిషాలు. స్థిర వాయిదాల పద్ధతికి ఒక లెక్కతో ఏడు నిమిషాలు, తగ్గుతున్న నిల్వల పద్ధతికి మరో ఏడు. సంవత్సరం మధ్యలో కొన్న యంత్రానికి విడిగా ఆరు నిమిషాలు, ఎందుకంటే పిల్లలు పడేది అక్కడే. ప్రతి ముక్క తర్వాత మూడు ప్రశ్నలు.

ప్రశ్న అంటే ఊరికే నాలుగు ఆప్షన్లు కాదు. లక్ష రూపాయల యంత్రం అక్టోబరు 1న కొన్నారు, ఖాతాలు మార్చి 31న ముగిస్తారు, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 10 శాతం. రెండో ఏడాది తరుగుదల ఎంత? జవాబు 9,500. మొదటి ఏడాది ఆరు నెలలకు 5,000 పోతే మిగిలింది 95,000, దాని మీద పది శాతం. ఇప్పుడు తప్పు ఆప్షన్లు చూడండి. 10,000 పెట్టినవాడు అసలు ధర మీదే లెక్క కట్టాడు. 9,000 పెట్టినవాడు కొన్న తేదీ చూడలేదు. 4,750 పెట్టినవాడు రెండో ఏడాది కూడా ఆరు నెలలే అనుకున్నాడు. ఒక్కో తప్పుకు ఒక్కో వివరణ ముందే రాసి పెడితే, రాత్రి పదింటికి ఒక్కడే చదువుకునే పిల్లవాడికి పక్కన సార్ ఉన్నట్టే. నా దృష్టిలో ఈ-లెర్నింగ్ ప్రాణం ఇక్కడుంది, కెమెరాలో లేదు.

దీనికి మూడుల్ చాలు, పాఠాలు, క్విజ్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. కానీ తెలుగు మీడియం వాళ్లు తప్పక ఇరుక్కునే చోటు ఒకటుంది. మన పాత నోట్సు, ప్రశ్నల బ్యాంకులు ఎక్కువ భాగం అను ఫాంట్లలో టైపు చేసినవి. అవి ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనపడే యూనికోడ్ అక్షరాలు కావు. కాపీ చేసి మూడుల్‌లో అతికిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు ఒకసారి చూసుకోవాలి. ప్రశ్నలను ఒక్కొక్కటిగా ఎక్కించే అవసరం లేదు, నోట్‌ప్యాడ్‌లో రాసి ఒకేసారి ఇంపోర్ట్ చేయొచ్చు. ఐకెన్ ఫార్మాట్ తేలిక, అయితే తప్పు జవాబుకు వివరణ పెట్టే వీలు అందులో లేదు. వివరణ కావాలంటే గిఫ్ట్ ఫార్మాట్: సరైన జవాబు ముందు ఈక్వల్ గుర్తు, తప్పు జవాబు ముందు టిల్డె (~), వివరణ ముందు హ్యాష్ (#). లెక్కలోనే ఈక్వల్ గుర్తు ఉంటే దానికి ముందు బ్యాక్‌స్లాష్ (\) పెట్టాలి. లేకపోతే ఇంపోర్ట్ ఆగిపోతుంది, లేదా జవాబులు తారుమారవుతాయి. ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయడం మరిచిపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలే.

సిగ్నల్ లేని ఊళ్ల కోసం మూడుల్ యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పిల్లలు కాలేజీకి వచ్చిన రోజు ఇక్కడి వైఫైలో వారం పాఠాలు దింపుకొని పోతే ఇంటి దగ్గర డేటాతో పనిలేదు. క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాయొచ్చు, కాకపోతే ఆ సెట్టింగ్ మనం ఆన్ చేయాలి, టైం లిమిట్ తీసేయాలి, ఫలితం చివర్లో చూపించే పద్ధతి ఎంచుకోవాలి. మార్కులు, వివరణ మళ్లీ నెట్ తగిలాకే వస్తాయి. ప్రాక్టీసు క్విజ్‌కు ఇంత చాలు. మార్కులు వేసే పరీక్షకు మాత్రం దీన్ని వాడొద్దు.

స్టూడియో కావాలి అనే మాట దయచేసి ఆపండి. ఫ్యాన్ ఆపేసి, వస్తువులు నిండుగా ఉన్న చిన్న గదిలో కాలర్ మైకు పెట్టుకుంటే చాలు. ఖాళీ క్లాసురూంలో గొంతు మోగుతుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట వినపడకపోతే మూసేస్తారు. ఫోన్‌ను పైనుంచి కాగితం మీదికి వంచి స్కెచ్‌పెన్‌తో లెక్క చేసి చూపించండి. స్లైడ్లయితే అక్షరం 28 సైజుకు తగ్గొద్దు, ఫోన్ తెర మీద 16 సైజు చీమలబారే.

లైవ్ క్లాసు వారానికి ఒకటి, నలభై నిమిషాలు, అదీ సందేహాలకే. ఏ ప్రశ్న ఎక్కువమంది తప్పు చేశారో క్విజ్ రిపోర్టులో చూసుకొని అక్కడ మొదలుపెట్టండి. సైన్సు ప్రాక్టికల్స్ కాలేజీలోనే జరగాలి. వర్చువల్ ల్యాబ్స్‌లో టైట్రేషన్ ముందుగా చూసి రావడం మంచిదే, కానీ బ్యూరెట్ తిప్పుతూ చుక్క దగ్గర ఆపే ఒడుపు మౌస్‌తో రాదు.

ఇక కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ కోర్సుల సంగతి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు క్రెడిట్లు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే 25కు 10, 75కు 30, రెండూ విడివిడిగా తెచ్చుకోవాలి. పన్నెండు వారాల కోర్సులో మంచివి ఎనిమిది అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు. ఇది మొదటి వారంలోనే పిల్లలకు చెప్పాలి. రెండు అసైన్‌మెంట్లు పోయాయని కోర్సే వదిలేసేవాళ్లు ఉన్నారు.

ఈ పని మనకు కొత్త కూడా కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది హైదరాబాద్‌లోనే. అదే ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక వర్సిటీ. దాని పాఠ్యపుస్తకాలు తెరిచి చూడండి, ఒంటరిగా చదువుకునేవాళ్ల కోసం పాఠాన్ని చిన్న భాగాలు చేసి మధ్యమధ్య ప్రశ్నలు పెట్టి రాసినవి. దానికి తోడు స్టడీ సెంటర్లో క్లాసులు. అట్ల పాఠం రాసిన పెద్దలు మన మధ్యే ఉన్నారు. బయటి ట్రైనర్లకు ముందు వాళ్లను పిలవండి.

యాజమాన్యాలకు, ప్రిన్సిపాల్ సార్లకు ఒక్క మాట. ఎనిమిది నిమిషాల పాఠానికి స్క్రిప్టు, రికార్డింగ్, ఎడిటింగ్, ప్రశ్నలు, వివరణలు కలిపితే ఎంత లేదన్నా ఐదారు గంటలు పడుతుంది. వారానికి ఇరవై పీరియడ్లు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్‌ను, పీరియడ్‌కు ఇంత అని తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ను ఆ గంటలు ఇంట్లో పెట్టమంటే మళ్లీ యాభై నిమిషాల రికార్డింగే వస్తుంది. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్‌లో పాఠం తయారీకి వారానికి ఆరు గంటలు వర్క్‌లోడ్ కింద రాయండి, గెస్ట్ వాళ్లకు ఆ గంటలకు డబ్బు ఇవ్వండి. సబ్జెక్టు మొత్తం వద్దు, లెక్చరర్‌కు ఒక్క యూనిట్ అప్పజెప్పండి. కెమెరాల టెండరు తర్వాత పిలవొచ్చు.