డెస్టినేషన్ పెళ్లిలో ప్రతి అతిథీ విడిది చుట్టమే

ఊళ్లో పెళ్లికి వచ్చినవాళ్లు అక్షింతలు వేసి, భోంచేసి, తమ వీలు చూసుకుని వెళ్లిపోతారు. గోవా రిసార్టులో పెళ్లికి వచ్చినవాళ్లకు ఆ వీలుండదు. పొద్దుటి కాఫీ నుంచి ఎయిర్‌పోర్టు కారు దాకా రెండు రోజులూ పిలిచినవాళ్ల మీదే ఆధారం. ఒకప్పుడు విడిది మర్యాదలు మగపెళ్లివారికే. ఇప్పుడు పెళ్లికొడుకు మేనత్తకు ఎంత చేయాలో పెళ్లికూతురి ఆఫీసు స్నేహితురాలికీ అంతే చేయాలి. మండపం పూల రంగు నెల రోజులు చర్చించే కుటుంబాలు ఈ పనిని మాత్రం ఈవెంట్ మేనేజరుకు వదిలేస్తున్నాయి. మనస్పర్థలు మొదలయ్యేది అక్కడే.

డబ్బు సంగతి తేటగా చెప్పడం మొదటి మర్యాద. బొట్టు పెట్టి, ‘తప్పకుండా రావాలి’ అని చెప్పి, టికెట్ ఖర్చు ఎవరిదో చెప్పకుండా వచ్చేస్తే ఆ ఇంట్లో రాత్రంతా అదే చర్చ. ప్రయాణం అతిథిది, గది, భోజనం, అక్కడి బస్సులు పెళ్లివారివి అనుకుంటే అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ మాట మూడు నెలల ముందే, పిలుపుతోపాటే చెప్పాలి. సొంత ఖర్చుతో వచ్చినవాళ్ల దగ్గర చదివింపులు తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇక మినీబార్, అంటే గది ఫ్రిజ్‌లో డబ్బుకు పెట్టే పానీయాలు, చిరుతిళ్లు. దాన్ని ముందే ఖాళీ చేయించమని హోటల్‌కు చెబితే, చెకౌట్ వేళ బావగారి చేతిలో బిల్లు పెట్టే పరిస్థితి రాదు.

గోవాకు రెండు ఎయిర్‌పోర్టులున్నాయని చాలామందికి ఇప్పటికీ తెలియదు. దక్షిణాన దబోలిం, ఉత్తరాన 2023లో మొదలైన మోపా. పెళ్లి దక్షిణ గోవాలోని కావెలొసిమ్ వైపు రిసార్టులో అయితే దబోలిం నుంచి సుమారు గంట, మోపా నుంచి రెండు గంటల పైమాటే. టికెట్ చౌకగా ఉందని సగంమంది మోపాలో దిగితే బస్సుల లెక్క తారుమారవుతుంది. ఏ ఎయిర్‌పోర్టులో దిగాలో శుభలేఖతోపాటే రాయాలి. హైదరాబాదులోలా యాప్ నొక్కగానే క్యాబ్ వస్తుందన్న భరోసా అక్కడ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు గడియారంతో. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో పడుతుంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ప్రత్యేక సడలింపు ఉన్న రోజుల్లోనూ అర్ధరాత్రి దాకానే. బీచ్ పక్క పచ్చికలో రెండు గంటలకు మాంగల్యధారణ పెట్టుకుంటే గట్టిమేళం మోగాల్సిన క్షణానికే హోటల్ సిబ్బంది వచ్చి చేతులు జోడిస్తారు. పురోహితుణ్ని పగటి ముహూర్తం అడగాలి, లేదంటే మండపాన్ని లోపలి హాల్లో వేయాలి. హాల్లో అయితే హోమం పొగకు ఫైర్ అలారం మోగుతుంది. ఆ వేళకు ఆ ఒక్క హాలు డిటెక్టర్లను ఆపి, అక్కడ మనిషిని కాపలా పెట్టడానికి హోటల్ ఒప్పుకుంటుందో లేదో అడ్వాన్సు కట్టకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

తెల్లవారుజామున పెళ్లయితే మరో ఇరకాటం. భోజనాలు పదింటికి, గది ఖాళీ చేయాల్సింది పదకొండింటికి. పట్టుచీరలు మార్చుకోవడానికి చోటు లేక ఆడవాళ్లు లాబీలో నిలబడతారు. పది, పదిహేను గదులకు సాయంత్రం దాకా గడువు అడిగి పెట్టుకోవాలి, సామాన్లకు విడిగా ఒక గది తీసుకోవాలి. పొద్దున్నే దిగేవాళ్లదీ ఇదే బాధ. మధ్యాహ్నం రెండింటికి గానీ గదులివ్వరు కాబట్టి, పెద్దవాళ్ల కోసం కొన్ని గదులు ముందురాత్రి నుంచే తీసుకోవాలి.

150 మందికి 75 గదులు చాలవు. పురోహితులు, మేళంవాళ్లు, ఫొటోగ్రాఫర్లు, మేకప్‌వాళ్లు కలిసి ఇరవై మందికి తక్కువుండరు. వాళ్ల పడకా భోజనమూ ఆఖరి నిమిషంలోనే గుర్తొస్తాయి. ఒంటరిగా వచ్చిన పిన్నిగారిని పరిచయం లేని మనిషితో ఒకే గదిలో పెట్టే ముందు ఆవిడను అడగాలి. సముద్రం కనిపించే గదులన్నీ మగపెళ్లివారికి, వెనక వరసవి ఆడపెళ్లివారికి ఇస్తే ఆ మాట పదేళ్లు వినాల్సి వస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింది అంతస్తులో, భోజనశాల దగ్గర గది ఇస్తే చాలు, వ్యూ అక్కర్లేదు. పెద్దలందరి గుర్తింపు కార్డుల వివరాలూ ముందే హోటల్‌కు పంపితే రిసెప్షన్ దగ్గర క్యూ కరుగుతుంది. విదేశీ పాస్‌పోర్టున్నవాళ్ల వివరాలు హోటల్ ప్రభుత్వం దగ్గర విడిగా నమోదు చేయాలి. అమెరికా నుంచి వచ్చే పిల్లలకు పాస్‌పోర్టు, ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న మనవాళ్లకు భారత ప్రభుత్వమిచ్చే) కార్డు చేతిసంచిలో ఉంచుకోమని చెప్పండి.

రిసార్టు టిఫిన్లు ఏడున్నరకు మొదలైతే మన పెద్దవాళ్లు ఐదింటికే లేస్తారు. ఐదున్నరకు ఫిల్టర్ కాఫీ, వేడినీళ్లు, పంచదార వేయని ఇంకో ఫ్లాస్కు పెట్టించండి. ముప్పై రకాల బఫే కన్నా ఇది ఎక్కువ పేరు తెస్తుంది. బయటి వంటవాళ్లను చాలా హోటళ్లు రానివ్వవు, రానిస్తే వంటగదికి విడిగా రుసుం అడుగుతాయి. కనీసం పప్పు, ఆవకాయ, గడ్డపెరుగు రెండు పూటలా ఉండేలా చూడాలి. శనివారం రాత్రి అన్నం ముట్టనివాళ్లకు టిఫినూ ఉండాలి.

పెళ్లి సామగ్రిలో కర్పూరం, అగ్గిపెట్టెలు, ఎండుకొబ్బరి కుడకలు విమానంలో పంపకండి, ఆపేస్తారు. సన్నెకల్లు, పీటలు, వెదురు గంపతో కలిపి రెండు రోజుల ముందే రోడ్డు మీద పంపాలి. తిరుగు కానుకల విషయంలోనూ బరువు చూసుకోవాలి. దేశీయ విమానాల్లో సాధారణంగా చెకిన్ సామాను 15 కిలోలే. రెండు కిలోల ఇత్తడి కుందులు చేతిలో పెడితే అతిథి అదనపు బరువుకు డబ్బు కట్టుకోవాలి. అక్కడ చిన్న కుంకుమభరిణె ఇచ్చి, కుందులు హైదరాబాద్ రిసెప్షన్‌లో ఇవ్వండి. గోవాకు పిలవలేని చుట్టాలకు ఆ రిసెప్షన్ తేదీ పెళ్లికి ముందే చెప్పాలి. పెళ్లి ఫొటోలు వాట్సాప్‌లో చూశాక పిలిస్తే వాళ్లు రారు.